నీళ్ల కులం – 4: మీ మడి నీళ్లు మా మడిలోకి



ఈ వరసలో ఇంతవరకూ బావుల గురించి, చెరువు రేవుల గురించి, వాడకు ఆలస్యంగా వచ్చిన కుళాయి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి సబ్బు గురించి. బట్టల పొడి, గిన్నెల సబ్బు, బాత్రూమ్ యాసిడ్, ఫినాయిల్. "దళిత ఉద్యమానికీ డిటర్జెంట్‌కీ ఏం సంబంధం అన్నా? పర్యావరణం అంటే గేటెడ్ కమ్యూనిటీ వాళ్ల ఆదివారం కాలక్షేపం కదా" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. ఈ భాగం ముందుగా వాళ్ల కోసమే.

ఆ మాట అనేముందు కారంచేడు గుర్తు తెచ్చుకోండి.

1985 జులై 16. మాదిగవాడ తాగే మంచినీళ్ల చెరువు దగ్గర, గేదెల కుడితి బకెట్ కడిగిన నీళ్లు చెరువులో పడుతున్నాయి. వద్దన్న మాదిగ యువకుడిని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. తెల్లారి 17న ఊరు ఊరంతా వాడ మీద పడింది. ఆరుగురు మాదిగలను చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటిలోంచే.

ఇప్పుడు చెప్పండి, ఆ గొడవ దేని గురించి? మేం తాగే నీళ్లలో మీరు కడిగిన నీళ్లు పోయొద్దని. తెలుగునేల మీద మన ఉద్యమాన్ని మలుపు తిప్పిన పోరాటం నీటి కాలుష్యం మీద అభ్యంతరంతో మొదలైంది. ఆ సంగతి మనం మర్చిపోయి, పర్యావరణాన్ని తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టాం. వాళ్లు దాన్ని మొక్కలు నాటే ఫొటోగా మార్చుకున్నారు.

కారంచేడుకు 58 ఏళ్ల ముందు మహద్. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. వేలాదిమంది ఆయన వెనక నడిచారు. తర్వాత సవర్ణులు ఏం చేశారు? చెరువు మైలపడిందని 108 కుండలతో శుద్ధి చేశారు. ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు చెరువులో కలిపి మంత్రాలు చదివారు. ఇంటర్‌లో బైపీసీ చదివే ఏ పిల్లనైనా అడగండి. పేడ, పాలు నీళ్లలో కలిస్తే వాటిని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, నీళ్లలోని ఆక్సిజన్‌ను అవే వాడేస్తాయి, చేపకు మిగలదు. మనిషి దోసిలి తాకితే చెరువు చెడలేదు. శుద్ధి పేరుతో పోసినవే దానికి భారమయ్యాయి.

ఈ దేశంలో శుభ్రత చరిత్ర అంతా ఇంతే. శుభ్రం చేశామని చెప్పి మురికి కలిపారు.

మడి అనే మాట

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట దగ్గర ఆగుతాను. "మడి" అనే పదానికి మనకు రెండు అర్థాలు. ఒకటి అగ్రహారం వంటింట్లోది: తడిబట్ట, అంటుకోకూడని దేహం, ఆచారం. రెండోది పొలంలోది: వరిమడి, నారుమడి, మోకాళ్ల దాకా బురద, వంగిన నడుం. ఒక మడిలో మనకు ప్రవేశం లేదు. రెండో మడిలో మనం లేకపోతే పని జరగదు.

మొదటి మడిని కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? రెండో మడిలోకే. ఊళ్లో మురుక్కాలవ పల్లానికి పారుతుంది, ఆ పల్లంలో వాడ ఉంటుంది. నగరంలో డ్రైనేజీ నదిలోకి పారుతుంది, ఆ నది కింద పొలాలుంటాయి. శుభ్రం చేసుకోవడమంటే మన సమాజంలో మురికిని తీసేయడం కాదు, దాన్ని కిందివాడి వైపు నెట్టడం. కులం చేసేదీ అదే, మన డ్రైనేజీ చేసేదీ అదే. ఇక దానిలోకి రసాయనం వచ్చాక ఏమైందో చూద్దాం.

నురగ లోపల ఏముంది

మడ్డి పట్టిన చొక్కాను నీళ్లొక్కటే వదిలించలేవు. నూనెకూ నీటికీ పడదు. సబ్బులో, డిటర్జెంట్‌లో ఉండే అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస కొవ్వును పట్టుకుంటుంది. అలా జిడ్డును లాగేసి నీళ్లతో పంపేస్తుంది. చాలా మంచి పనివాడు. కానీ ఆ పనివాడికి చొక్కా జిడ్డుకూ చేప ఒంటి మీది జిగురుకూ తేడా తెలియదు.

చేప ఒళ్లంతా ఒక పల్చటి జిగురు పొర ఉంటుంది. రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. మొప్పల్లో అతి సన్నని చర్మంలోంచి ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. డిటర్జెంట్ ఆ జిగురును కరిగిస్తుంది, మొప్పల కణాలను దెబ్బతీస్తుంది. ఇదే పని అది ఇంకో చోట కూడా చేస్తుంది. నాలుగైదు ఇళ్లలో గిన్నెలు తోమే అక్కల చేతులు ఎప్పుడైనా చూశారా? వేళ్ల సందులు పాసిపోయి, గోళ్ల చుట్టూ పగిలి, ఉప్పు తగిలితే భగ్గుమంటాయి. చర్మంలోని కొవ్వును లాగేసింది ఆ రసాయనమే. ఆ అక్క చెయ్యి, ఆ చేప మొప్ప ఒకే దెబ్బ తింటున్నాయి. దెబ్బ తగలని చెయ్యి ఒక్కటే: తెల్ల చొక్కా తొడుక్కున్న చెయ్యి.

చిన్న లెక్క వేద్దాం. డిటర్జెంట్లలో ఎక్కువగా వాడే మందు పేరు లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్. లీటరు నీటిలో కొన్ని మిల్లీగ్రాములు ఉంటే చాలు, చాలా రకాల చేపలకు ప్రాణాంతకం. ఒక బకెట్‌కు 50 గ్రాముల పొడి వేశారనుకోండి. అందులో పదో వంతే ఆ మందు అనుకున్నా 5 గ్రాములు, అంటే 5,000 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 1,000 లీటర్ల నీటిని చెడగొట్టడానికి సరిపోతుంది. ఒక ఇల్లు, ఒక పూట, ఒక బకెట్.

"అది కుళ్లిపోయి పోతుందిలే" అంటారు కంపెనీవాళ్లు. సగం నిజం. 1950లలో వాడిన పాత రకం డిటర్జెంట్లు కుళ్లేవి కావు. యూరప్, అమెరికా నదుల మీద నురగ కొండలు లేచాయి. జనం గొడవ చేస్తే 1960లలో ఇప్పటి రకానికి మారారు. దీన్ని బ్యాక్టీరియా తింటాయి, కాకపోతే గాలి అందాలి. ఆక్సిజన్ ఉన్న నీటిలో, సరిగ్గా నడిచే శుద్ధి కేంద్రంలో ఇది చాలావరకు విరిగిపోతుంది. ఆక్సిజన్ లేని మురుగులో దాదాపు అలాగే ఉండిపోతుంది. మన నదుల్లో, నాలాల్లో ఆక్సిజన్ ఎక్కడుంది? ప్యాకెట్ మీద రాసిన మాట బతికున్న నదికి వర్తిస్తుంది. మనకున్నవి ఊపిరాడని నదులు.

పచ్చగా చచ్చిపోవడం

డిటర్జెంట్‌లో ఇంకో సరుకు ఫాస్ఫేట్. ఉప్పునీళ్లలో కూడా సబ్బు బాగా పనిచేయడానికి కలుపుతారు. పొలంలో వేస్తే ఎరువు, చెరువులో పడ్డా ఎరువే. పెరిగేది వరి కాదు, నాచు, గుర్రపుడెక్క.

చెరువు పచ్చగా కనిపిస్తే ఆరోగ్యంగా ఉందనుకుంటాం. నాచు పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, నిజమే. రాత్రి అదే ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. చచ్చి అడుక్కు చేరాక దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలింది కూడా వాడేస్తాయి. అందుకే చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, పొద్దునకు తెల్లటి పొట్టలతో తేలతాయి. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. ఆ నీళ్లు తాగిన పశువులు చచ్చిపోతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. అది నీటిపైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో కూడా కొంతవరకు నెట్టుకొస్తుంది. బొచ్చెకూ రోహుకూ ఆ వెసులుబాటు లేదు. వాటి మీద బతికే ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాలకూ లేదు.

ఈ విషయం ప్రపంచానికి కొత్త కాదు. 1960లలో అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సును పత్రికలు చచ్చిన సరస్సు అన్నాయి. సబ్బు కంపెనీలు తప్పు ఫాస్ఫేట్‌ది కాదు, కార్బన్‌ది అని వాదించాయి. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేసింది. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేశారు. ఒక వైపు మాత్రమే ఫాస్ఫరస్ కలిపారు. ఆ వైపు నాచుతో నిండిపోయింది, రెండో వైపు తేటగా ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో ముందు కంపెనీల వాదన నిలవలేదు. స్విట్జర్లాండ్ 1986లో బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌ను నిషేధించింది. యూరప్ యూనియన్ 2013 నుంచి ఇళ్లలో వాడే బట్టల డిటర్జెంట్లలో గట్టి పరిమితి పెట్టింది.

మన దగ్గర? 1991లో ఎకోమార్క్ అనే పథకం పెట్టారు. కంపెనీకి ఇష్టమైతే చేరొచ్చు, లేకపోతే లేదు. ఇక్కడ మంచితనం ఐచ్ఛికం.

ఒక మాట ఒప్పుకోవాలి. మురుగులో ఉన్న ఫాస్ఫరస్ అంతా డిటర్జెంట్‌ది కాదు. మన మలమూత్రాల్లో ఉంది, పొలాల ఎరువుల్లో ఉంది. అయితే మనిషిని తినొద్దని, పోసుకోవద్దని చెప్పలేం. ఫ్యాక్టరీకి మాత్రం ఒక సరుకు కలపొద్దని చెప్పగలం. చెప్పగలిగినచోట చెప్పకపోవడమే రాజకీయం.

కంటికి కనపడనివి

నురగ కనిపిస్తుంది, నాచు కనిపిస్తుంది. కనపడనివి ఇంకా ఉన్నాయి. కొన్ని క్లీనర్లలో వాడే నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లు నీటిలో విరిగి నోనైల్‌ఫినాల్ అవుతాయి. అది చేప శరీరంలో ఆడ హార్మోన్‌లా నటిస్తుంది. 1990లలో ఇంగ్లండ్‌లో మురుగు శుద్ధి కేంద్రాల దిగువన ఉన్న మగ చేపల్లో గుడ్డు తయారీకి కావాల్సిన ప్రోటీన్ కనిపించింది. కొన్నిటి వృషణాల్లో గుడ్ల కణాలు కనిపించాయి. అక్కడ మురుగులోకి చేరిన మనుషుల సహజ హార్మోన్లు, గర్భనిరోధక మాత్రల హార్మోన్లు కూడా కారణమే. యూరప్ 2003లో నోనైల్‌ఫినాల్ రసాయనాల వాడకాన్ని కట్టడి చేసింది.

"క్రిములను చంపుతుంది" అని అమ్మిన సబ్బుల్లో ట్రైక్లోసాన్ ఉండేది. మామూలు సబ్బు కంటే అది ఎక్కువ మేలు చేస్తుందని కంపెనీలు రుజువు చేయలేకపోయాయని, 2016లో అమెరికా ఆరోగ్య నియంత్రణ సంస్థ దాన్ని జనం వాడే చేతి సబ్బుల నుంచి తీసేయమంది. ఒంటికి పెద్దగా ఒరగబెట్టింది లేదు కానీ, కాలవలో నీటి జీవుల ఆహారానికి మొదటి మెట్టయిన నాచును మాత్రం దెబ్బతీస్తుంది. క్రిమి అంటే భయం, అంటు అంటే భయం. ఆ పాత భయాన్నే సీసాలో పోసి మార్కెట్ కొత్తగా అమ్ముతోంది.

మ్యాన్‌హోల్ దగ్గర

నీటిలో ఉండే ప్రాణి అనగానే మనకు చేప గుర్తొస్తుంది. నీటిలోకి దింపే ప్రాణి ఇంకొకటి ఉంది. మన మనిషి.

చౌక డిటర్జెంట్ పొడుల్లో బరువు కోసం సోడియం సల్ఫేట్ కలుపుతారు. మురుగులోకి సల్ఫేట్ నీళ్ల నుంచీ వస్తుంది, మలమూత్రాల నుంచీ వస్తుంది, ఈ పొడుల నుంచీ వస్తుంది. గాలి ఆడని గొట్టాల్లో ఒక రకం బ్యాక్టీరియా ఆ సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే వాయువు అదే. మురుగులో కరిగి ఉన్న సల్ఫైడ్ మీద యాసిడ్ పడితే వాయువై పైకి లేస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో ఉండేది చాలావరకు హైడ్రోక్లోరిక్ యాసిడే. దానికి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ పుడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు వాసన పట్టే శక్తిని చంపేస్తుంది. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ మనిషికి అది తెలియడం ఆగిపోతుంది. పైన టైల్స్ మెరుస్తుంటాయి. కింద మనవాడు కుప్పకూలతాడు. వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు కూడా.

మనిషిని ఇలా దింపకూడదని 2013 చట్టం చెబుతోంది. సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇమ్మంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోలార్ బంగారు గనుల ఊళ్లో పాకీపని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికి జీవితం పెట్టాడు. చట్టం ఉంది, తీర్పు ఉంది, చావులు ఆగలేదు. బాత్రూమ్ శుభ్రం గురించి టీవీలో రోజంతా ప్రకటనలు వేసే దేశం, ఆ గొట్టం రెండో కొసన ఎవరున్నారని ఒక్కసారీ అడగదు.

మూసీని మురికి చేసిందెవరు

ఇక మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది. అధికారిక లెక్కల ప్రకారమే హైదరాబాద్‌లో రోజుకు పుట్టే మురుగునీరు 1,900 మిలియన్ లీటర్ల పైమాట. పరిశ్రమల పాపం వేరే ఉంది, దాని మీద ఇంకో భాగం రాస్తాను. ఇళ్ల నుంచి వచ్చే నీళ్ల సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే ఆ వేలు తిరిగి మాట్లాడేవాడి వైపే చూపిస్తుంది.

ఇళ్ల మురుగు ఏం చేయగలదో బెంగళూరు చూపించింది. బెళ్లందూరు చెరువు మీద నురగ రోడ్డెక్కింది. 2015లో నురగకు మంటలంటుకున్నాయి. ఆ చెరువులోకి చేరిందాంట్లో పెద్ద వాటా నగరం ఇళ్ల మురుగే.

మరి హైదరాబాద్‌లో వేలు ఎవరి వైపు చూపించారు? 2024లో మూసీ సుందరీకరణ పేరుతో ఒడ్డున ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. చాదర్‌ఘాట్ దగ్గర ఇళ్లు కూల్చారు. రెక్కల కష్టం మీద కట్టుకున్న రెండు గదుల ఇళ్లు. ముస్లింలు, దళితులు, బీసీలు, వలస కూలీలు. వానొస్తే మొదట మునిగేది వాళ్లే, నది బాగుపడాలంటే మొదట ఖాళీ చేయాల్సిందీ వాళ్లే. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్, మూడు బాత్రూమ్‌లు ఉన్న ఫ్లాట్ గోడ మీద ఎవరూ ఎర్ర రంగు పూయలేదు. నది ఒడ్డున ఉండటం నేరమైంది. నదిలోకి వదలడం నాగరికత అయింది.

నగరం దాటాక చూడండి. ప్రతాపసింగారం, ఏదులాబాద్, ఇంకా కిందికి వలిగొండ. కత్వల దగ్గర నీళ్లు దూకినచోట నురగ తెట్టు కడుతుంది. ఆ నీళ్లే వరికి, ఆ నీళ్లే పశువుల గడ్డికి. నాట్లేసే ఆడవాళ్లు కాళ్ల దురదల గురించి, పుండ్ల గురించి ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆ గడ్డి తిన్న గేదె పాలు మళ్లీ నగరానికే వెళ్తాయి. మీ మడి నీళ్లు మా మడిలోకి వస్తాయని అన్నాను కదా, మీ గ్లాసులోకి కూడా తిరిగొస్తాయి. కులం గీసిన గీత నీళ్లకు తెలియదు.

కుంకుడుకాయ వాదం

ఇక్కడ ఒక బాపతు మేధావులు లేస్తారు. "పూర్వం మన పెద్దలు కుంకుడుకాయ, సీకాయ, బూడిద వాడేవారు. ఆ సంస్కృతికి తిరిగి వెళ్దాం" అని. రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, కుంకుడు నురగ కూడా చేపకు మందు కాదు, విషం. అందులోని సపోనిన్లు మొప్పల్నే దెబ్బతీస్తాయి. అది త్వరగా కుళ్లుతుంది, తక్కువ వాడతాం, అందుకని నష్టం తక్కువ. ప్రకృతి అనే ముద్ర వేస్తే ఏదీ పవిత్రమైపోదు.

రెండు, ఆ పూర్వంలో బట్టలుతికిందెవరు? చౌడు మట్టిలో, సున్నంలో చేతులు కాల్చుకుని మీ మైలబట్టలు ఉతికింది చాకలి. పాయిఖానా ఎత్తింది మనవాళ్లు. పుల్లగుడ్డతో గిన్నెలు తోమింది మన అవ్వలు. మీ స్వర్ణయుగంలో నది బాగుందేమో, మనిషి బాగాలేడు. వాషింగ్ మెషీన్ వచ్చి చాకలి ఆడబిడ్డ నడుం కొంచెం నిలబడితే, దాన్ని తీసేయమని మనం అడగం. మన దారి వెనక్కి కాదు.

మన డిమాండ్లు

"నువ్వు తక్కువ పొడి వాడు, మంచి బ్రాండ్ కొను" అని చెప్పి వదిలేసే పర్యావరణం మనది కాదు. పది రూపాయల ప్యాకెట్ కొనే అమ్మకు నీతి చెప్పి, ఆ ప్యాకెట్ తయారుచేసినవాణ్ణి సన్మానించే పని మనకొద్దు. పొడి అవసరమైనంతే వేయడం, యాసిడ్ బదులు బ్రష్ వాడటం, యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకపోవడం మంచిదే, చేయండి. దాంతో ఆగొద్దు. అడగాల్సినవి ఇవి:

ఒకటి. ఇళ్లలో వాడే డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌కు, నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లకు చట్టబద్ధమైన, తప్పనిసరి పరిమితి.

రెండు. ప్రతి ప్యాకెట్ మీద లోపలేముందో తెలుగులో రాయాలి. యూరప్‌లో 2004 నాటి నిబంధన ప్రకారం ఫాస్ఫేట్ ఏ శాతం మధ్య ఉందో రాయాలి. ఇప్పుడే లేచి మీ హాస్టల్ బాత్రూమ్‌లో ఉన్న ప్యాకెట్ తిప్పి చూడండి, ఎంత తెలుస్తుందో.

మూడు. మురుగు శుద్ధి కేంద్రాలు ఫాస్ఫరస్, నైట్రోజన్ కూడా తీసేలా ఉండాలి. బయటికి వదిలే నీటి పరీక్ష ఫలితాలు దిగువ గ్రామాల పంచాయతీ గోడల మీద పెట్టాలి.

నాలుగు. మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం పూర్తిగా ఆగాలి. దింపినవాడికి జైలు పడాలి. పరిహారం ఇచ్చి చేతులు కడుక్కునే పద్ధతి చాలు.

ఐదు. నది పేరుతో పేదల ఇళ్లు కూల్చే ముందు, నదిలోకి తెరిచిన ప్రతి గొట్టం ఎవరిదో జాబితా ప్రకటించాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీలో కెమిస్ట్రీ, జువాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివేవాళ్లున్నారు. మీ ల్యాబ్‌లో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడం నేర్పారు. మీ ఊరి మురుక్కాలవ వాడలోకి వచ్చే ముందు ఒక సీసా, దాటాక ఒక సీసా పట్టండి. కొలవండి, తేదీతో రాయండి. మన బాధ కవిత్వంలో చాలా రాశాం, ఇంకా రాస్తాం. దాని పక్కన అంకె కూడా ఉండాలి. బాబాసాహెబ్ ఏ సభకైనా లెక్కలతో వెళ్లాడు.

సువార్తమ్మ ఎత్తిన బిందెకు ఏ డిగ్రీ లేదు. ఈ నీళ్లు మావి, వీటిలో మీ కడుగునీళ్లు పోయొద్దు అన్న తెలివి ఉంది. నలభై ఏళ్ల తర్వాత మన చేతుల్లో డిగ్రీలున్నాయి, ల్యాబులున్నాయి, ఫోన్లున్నాయి. ఇక బిందె ఎత్తాల్సింది మనం.

వచ్చే భాగంలో పరిశ్రమల నీళ్ల గురించి.

జై భీమ్.